అసలు పేరు

పోయిన ఏడాది నా పదవీ విరమణ సభ ముగిసింది. శాలువాలు మడతపెట్టుకుంటున్నాను. ఇరవై ఏళ్లుగా స్టాఫ్ రూములో నా పక్క కుర్చీలో కూర్చున్న లెక్కల టీచరు వచ్చి, నా చెయ్యి పట్టుకుని ఆప్యాయంగా అడిగింది: "ఎన్నాళ్ల నుంచో అడుగుదామనుకుంటున్నా టీచర్, ఏమీ అనుకోకండి. మీ అసలు పేరేంటి?"

నా పేరు ఆమెకు తెలుసు. ఇన్నేళ్లూ హాజరు పట్టీలో నా సంతకం కిందే తన సంతకం పెట్టింది. ఆమె అడిగింది ఆ పేరు గురించి కాదు. బైబిల్లోంచి వచ్చిన ఈ పేరు పైన కప్పుకున్న దుప్పటి లాంటిదనీ, దాని కింద ఇంకో పేరూ ఇంకో మనిషీ ఉంటారనీ ఆమె నమ్మకం. అందులో ద్వేషం ఏమీ లేదు. నేను తెలుగు పండితురాల్ని. "క్రిస్టియన్ అయ్యుండి కూడా పోతన పద్యం ఎంత చక్కగా చదువుతారో!" అని పదిమందిలో నన్ను మెచ్చుకున్నదీ ఆమే. ఆ 'అయ్యుండి కూడా' అన్న రెండు ముక్కలు నా చెవిలో చాలాకాలం ఉండిపోయాయి.

ఇదే నమ్మకం బయట రకరకాల గొంతులతో మాట్లాడుతుంది. వాట్సాప్‌లో మమ్మల్ని 'బియ్యం బస్తా' అంటుంది, 'గొర్రెలు' అంటుంది. టీవీ చర్చలో మెత్తబడి, మీ తాతముత్తాతలు హిందువులే కదా, సొంత ఇంటికి తిరిగి రండి అని పిలుస్తుంది. సెమినార్లలో సిద్ధాంతం తొడుక్కుని, మీ నిజమైన అస్తిత్వం కులమే, మతం మిషనరీలు పూసిపోయిన రంగు అని తేల్చేస్తుంది. చివరి మాట చెప్పేవాళ్లు మొదటి ఇద్దరికీ శత్రువులు. అయినా ముగ్గురూ ఒక్కచోట కలుస్తారు: మనిషి అసలు ఎవరన్నది పుట్టుకతోనే తేలిపోయింది, క్రీస్తు ఆ తర్వాత వచ్చి చేరాడు, అదీ కడుపు కోసం. ఈ మాట చరిత్ర లెక్కన తప్పు. మనిషి గురించిన ఆలోచనగా అంతకంటే పెద్ద తప్పు.

ముందు ఆ 'అసలు పేరు' సంగతి చూద్దాం. మాది ఒంగోలుకు పడమట మెట్ట పల్లె. మా జేజమ్మ చెప్పేది: వాళ్ల తాతకు పేరుండేది గానీ పేట దాటితే అది చెల్లేది కాదు. ఊళ్లో మీసం రాని పిల్లవాడు కూడా తల నెరిసిన మనిషిని 'ఒరే' అనేవాడు. 'గాడు' అన్న తోక కాటికి పోయేదాకా వదిలేది కాదు. ఆడవాళ్ల పేరులోని 'అమ్మ' ఊరి నోట పడగానే ఊడిపోయేది. సుబ్బమ్మ సుబ్బి అయ్యేది, రామమ్మ రామి అయ్యేది. గొడ్డు చస్తే లాక్కుపోవడానికి, జాతరకు డప్పు కొట్టడానికి, మునసబు కబురు పెడితే వెట్టికి పోవడానికి ఆ పేర్లు. మమ్మల్ని తిరిగి రమ్మంటున్న ఇల్లు ఇదేనా? ఊరికి ఆ పక్కన, గాలి వాలు చూసి విసిరేసిన ఆ ఇల్లేనా? నేను పోగొట్టుకున్నానని మీరు జాలిపడుతున్న అస్తిత్వాన్ని నా పూర్వీకులు ఎన్నడూ ఎంచుకోలేదు. ఎదుటివాడు వాళ్ల నెత్తిన పెట్టినది అది.

ఇక మిషనరీలు వచ్చి పట్టుకుపోయారన్న కథ. నెల్లూరులో అమెరికన్ బాప్టిస్టు మిషన్ 1840లో స్థిరపడింది. పాతికేళ్లపాటు పెద్దగా ఫలితం లేదు. మూసేద్దామా అని వాళ్ల దేశంలో పదేపదే చర్చలు జరిగాయి. అలాంటి సమయంలో యర్రగుంట్ల పేరయ్య అనే మనిషి తనంతట తాను వెతుక్కుంటూ ఒంగోలు వచ్చాడు. తోళ్ల వ్యాపారం చేసే మాదిగ. రాజయోగ సాధన చేసి, అందులో పేరు తెచ్చుకుని, ఇంకా దాహం తీరక తిరుగుతున్నవాడు. వ్యాపారం మీద ఉత్తరం వైపు వెళ్లినప్పుడు బంధువు నోట క్రీస్తు మాట విన్నాడు. 1866లో బాప్తిస్మం పుచ్చుకున్నాడు. ఆ మిషన్ తరఫున వచ్చిన జాన్ క్లౌ దొర ఒంగోలులో కాపురం పెట్టింది ఆ తర్వాత. దొర పేరయ్య దగ్గరికి రాలేదు, పేరయ్యే దొరను తన పల్లెలకు నడిపించుకుపోయాడు. 1867 జనవరిలో పేరయ్య ఊరి దగ్గర అయిదు రోజులు సభలు పెడితే 28 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అప్పటికి ఒక్క బస్తా బియ్యం ఎవరూ పంచలేదు. ఇంకో సంగతి, పేరయ్య పేరు మార్చుకోలేదు. పేరయ్యగానే బాప్తిస్మం తీసుకున్నాడు, పేరయ్యగానే బోధకుడయ్యాడు. ఆ పేరు చివరి 'అయ్య'ను వదలకుండా పలికే మనుషులు మాత్రం ఆయనకు కొత్తగా దొరికారు.

యోగం చేసిన ఈ తోళ్ల వర్తకుణ్ణి తలుచుకున్నప్పుడల్లా నాకు 1936 గుర్తొస్తుంది. ఆ ఏడాది జాన్ మాట్ అనే అమెరికన్ క్రైస్తవ నాయకుడితో మాట్లాడుతూ గాంధీగారు, మతాల మంచిచెడ్డలు బేరీజు వేసే శక్తి అస్పృశ్యులలో కొందరికి ఆవుకు ఉన్నపాటి కూడా ఉండదని అర్థం వచ్చేలా పోలిక తెచ్చారు. ఆ సంభాషణ ఆయన 'హరిజన్' పత్రికలోనే అచ్చయింది. గాంధీగారి మీద నాకు గౌరవం ఉంది, ఆయన జీవితాన్ని ముప్పై ఏళ్లు పిల్లలకు పాఠంగా చెప్పాను. కానీ ఈ మాటను దాటవేసి పోలేను. 'బియ్యం బస్తా' అన్న తిట్టుకూ ఆ పోలికకూ మర్యాదలోనే తేడా. రెండూ చెప్పేది ఒకటే: వీళ్లు ఆలోచించలేరు, వీళ్లకు ఆత్మ ఆకలి ఉండదు, ఉన్నదల్లా కడుపాకలి. అప్పటికి 70 ఏళ్ల ముందే పేరయ్య ఆలోచించాడు. యోగమార్గం నడిచి చూసి మరో మార్గం ఎంచుకున్నాడు. అదే పని ఒక పండితుడు చేసి ఉంటే తత్వాన్వేషణ అని పాఠ్యపుస్తకంలో వేసేవాళ్లం.

కరువు సంగతి దాచను. దాచవలసిన అవసరం లేదు కూడా. 1876 నుంచి 1878 దాకా మద్రాసు రాజధానిని పట్టిన కరువులో మా వైపు మనుషులు రోడ్ల పక్కన రాలిపోయారు. క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువలో 3½ మైళ్ల తవ్వకాన్ని కంట్రాక్టు తీసుకుని, బోధకులనే మేస్త్రీలుగా పెట్టి, పనీ కూలీ ఇప్పించాడు. మామీద నింద వేసేవాళ్లు ఇక్కడిదాకా చెప్పి ఆపేస్తారు. తర్వాతి సంగతి వినండి. తిండి కోసం వచ్చారన్న మాట పడకూడదనే, సహాయం నడుస్తున్న దాదాపు 15 నెలలు ఆయన కొత్తవాళ్లకు బాప్తిస్మాలు ఆపేశాడు. అడిగినవాళ్లను కూడా తిప్పి పంపాడు. పని ముగిసి, ఇక ఇచ్చేదేమీ లేదని తేల్చి చెప్పాక జనం కదిలొచ్చారు. మాకేమీ ఇవ్వొద్దు, చేతుల మీది కాయలు చూడండి, కష్టపడి బతుకుతాం, వచ్చే పంట కూడా పోతే చస్తాం, చచ్చేది క్రీస్తు మనుషులుగా చస్తాం, బాప్తిస్మం ఇవ్వండి అని పట్టుబట్టారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది మునిగి లేచారు. ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున మారుతూ ఏటిలో నిలబడి ఇచ్చారు. వాళ్లందరూ తెలుగువాళ్లే. బియ్యం ఉన్నప్పుడు దొరకని బాప్తిస్మం బియ్యం అయిపోయాక దొరికింది. దీన్ని బియ్యానికి అమ్ముడుపోవడం అంటే లెక్కల టీచరుగా మా నేస్తమైనా ఒప్పుకుంటుందా?

కృతజ్ఞత లేదా అంటే, ఉంది. ఆ గంజీ ఆ కూలీ పెట్టిన చేతుల వెనక ఎలాంటి దేవుడున్నాడో చూడాలనుకోవడం నీచం ఎలా అవుతుంది? అన్నం పరబ్రహ్మ స్వరూపమని విస్తరి ముందు కళ్లకద్దుకునే జాతి మనది. మా పేట మనిషికి అన్నంలో దేవుడు కనపడితే మాత్రం అది అమ్ముడుపోవడమా?

అసలు మారినవాళ్లకు మిగిలిందేమిటో కూడా లెక్క వేయాలి. సంఘంలో చేరినవాళ్లు మూడు పనులు మానాలి: విగ్రహ పూజ, చచ్చిన గొడ్డు మాంసం, ఆదివారం పని. ఆ మూడింటితో ఊరి వ్యవస్థ మొత్తం వాళ్లమీద తిరగబడింది. జాతరకు డప్పు కొట్టమంటే కొట్టలేదు, ఆదివారం కళ్లంలోకి రమ్మంటే రాలేదు. కూలి ఆపేశారు, నీళ్లు ఆపేశారు, కొట్టారు, దొంగ కేసులు పెట్టించారు. మా జేజమ్మ వాళ్ల నాన్న ఆదివారం పనికి పోనందుకు కళ్లం గుంజకు కట్టేశారట. సాయంత్రం కట్లు విప్పితే ఇంటికి కాదు, నేరుగా ప్రార్థనకు వెళ్లాడట. కడుపు కోసం మారినవాడు ఆ ఆదివారం పనికి పోయేవాడు.

అయితే వాళ్లకు దొరికిందేమిటి? ఇక్కడే చాలామంది సానుభూతిపరులు కూడా పొరబడతారు. చదువు దొరికింది, ఆసుపత్రి దొరికింది, ఆత్మగౌరవం దొరికింది అని జాబితా రాస్తారు. అవన్నీ నిజమే. కానీ ఆత్మగౌరవం ఊరికే ఊరదు. నువ్వు విలువైనవాడివని నీకు నువ్వు వందసార్లు చెప్పుకున్నా, వెయ్యేళ్లుగా ఊరంతా కాదంటుంటే ఆ మాట నిలవదు. లోపలికి తవ్వుకుంటూ పోతే నీ అసలు రూపం దొరుకుతుందని ఈరోజు వ్యక్తిత్వ వికాసం పుస్తకాలు చెబుతున్నాయి. తవ్వితే మా వాళ్లకు దొరికేది భయమే. వాళ్లకు విలువ బయటినుంచి, పైనుంచి వచ్చింది. నీ పుట్టుక చూడకుండా, నువ్వు చేసే పని చూడకుండా ఒకడు నీకోసం ప్రాణం పెట్టాడు, కాబట్టి నీ ఖరీదు ఆ ప్రాణమంత అని విన్నారు, నమ్మారు. ఆ ఖరీదును కరణం తగ్గించలేడు, మునసబు కొట్టేయలేడు.

యోహాను సువార్తలో పునరుత్థానం నాటి ఉదయం సంగతి ఉంది. సమాధి దగ్గర మగ్దలేనే మరియ ఏడుస్తూ నిలబడుతుంది. ఎదురుగా యేసు ఉన్నా ఆమె గుర్తుపట్టదు, తోటమాలి అనుకుంటుంది. ఆయన వాదించడు, గాయాలు చూపించడు. పేరు పెట్టి పిలుస్తాడు, అంతే. ఆ పిలుపులో ఆమె ఆయన్ని పోల్చుకుంటుంది. తనెవరో కూడా అప్పుడే మళ్లీ తెలుసుకుందని నేను అనుకుంటాను. మా సంఘంలో ఇప్పటికీ బాప్తిస్మం ఇచ్చేటప్పుడు పాస్టరుగారు నీళ్లలో నిలబడి పూర్తి పేరు పెట్టి పిలుస్తారు. గుండ్లకమ్మలో ఆ రోజు 2,222 సార్లు అలా పేరు పలికారు. అంతకుముందు ఎన్ని తరాల్లో, ఎవరు, ఏ నదిలో నిలబడి వాళ్ల పేర్లు పిలిచారో నాకు చెప్పండి, అదే మా అసలు ఇల్లని ఒప్పుకుంటాను.

ఇక పరాయి మతమన్న మాట. మా ఇంటిపేర్లు మారలేదు. మా చుట్టరికాల పిలుపులు మారలేదు. బ్రాహ్మణ కుటుంబంలో పుట్టిన పురుషోత్తమ చౌదరి 19వ శతాబ్దంలో క్రీస్తు మీద కట్టిన కీర్తనలు మా పాటల పుస్తకంలో ఈరోజుకీ రాగం, తాళం పేర్లతో అచ్చవుతాయి. డోర్నకల్‌లో అజరయ్య బిషప్పుగారు కట్టించిన గుడిని ఇంగ్లండు నమూనాలో కట్టలేదు. ఈ దేశపు స్తంభాలు, గుమ్మటాలు కలిపి కట్టారు. 1939లో దాన్ని ప్రతిష్ఠించారు. వినుకొండ బిడ్డ గుర్రం జాషువా పురాణాలు చదివితే సంఘం పెద్దలు కోప్పడ్డారు, పద్యం చదివితే సభలో కులం అడిగారు. ఆయన రెండు వైపులా గాయపడ్డాడు, కాబట్టి ఆయన్ని మా పక్షం సాక్షిగా నిలబెట్టి సులువుగా గెలవాలని నేననుకోను. కానీ కాశీ శివుడికి గబ్బిలంతో కబురు పంపిన ఆ చెయ్యే 'క్రీస్తు చరిత్ర' రాసింది, దానికే 1964లో సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చింది. తెలుగు వేరు, క్రీస్తు వేరు అని గీత గీసేవాళ్లు జాషువాను ఏ గీతకు ఏ పక్క కూర్చోబెడతారు? నేను పోతన పద్యం 'అయ్యుండి కూడా' చదవడం లేదు. అది నా భాష, నా పద్యం. ఏనుగు మొసలి నోట పడి, తన బలం చాలదని తెలిసి పిలిచిన పిలుపు ఎలాంటిదో నా విశ్వాసం నాకు ఇంకాస్త బాగా అర్థం చేయించింది.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుందని తెలుసు. అంత గొప్ప పేరైతే సర్టిఫికెట్లో ఎందుకు దాస్తారు? మా పిన్ని కొడుక్కి రెండు పేర్లు. బడిలో ఒకటి, గుడిలో ఒకటి. ఇలాంటి ఇళ్లు వేలు ఉన్నాయి. వాళ్లను దొంగలంటున్నారు. ఆ రెండో పేరును ఎవరు పెట్టించారో చూడండి. 1950 ఆగస్టు 10న వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా, హిందువు కానివాడు షెడ్యూల్డు కులంవాడు కాడంది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు తలుపు తెరిచారు. క్రైస్తవులకూ ముస్లింలకూ మూసే ఉంచారు. ఆ పేరా తీసేయాలని 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ సిఫారసు చేసింది. అది కాగితం మీదే ఉంది. మన రాష్ట్రంలో మాకు బీసీ-సీ అని ఒక శాతం రిజర్వేషన్ ఇచ్చారు. ఎస్సీలకు 15. మా నాన్న బాప్తిస్మం పేరుతోనే బీసీ-సీ సర్టిఫికెట్ తీసుకున్నాడు. దానివల్ల నాకు ఉద్యోగం ఆరేళ్లు ఆలస్యమైంది. ఆయన్ని నేను తప్పుపట్టలేదు, పిన్ని కొడుకునూ పట్టను. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒక పాస్టరుగారు ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీ చట్టం కింద పెట్టిన కేసును, మతం మారినవాడికి ఆ చట్టం వర్తించదని కొట్టేసింది. చట్టం దృష్టిలో బాప్తిస్మంతో కులం కడుక్కుపోతుంది. ఊరి దృష్టిలో పోదు. ప్రార్థనకు పోయే మనిషిని కొట్టేటప్పుడు ఎవరూ సర్టిఫికెట్ అడగరు. పుట్టుకే అసలు అస్తిత్వమని వాదించేవాళ్లే, పుట్టుక కారణంగా దెబ్బ తగిలినప్పుడు మాత్రం నువ్వు క్రైస్తవుడివి పో అంటారు. వాళ్ల వాదం మీద వాళ్లకే నమ్మకం లేదనడానికి ఇంతకంటే ఏం కావాలి?

మా లోపలి సంగతి మిగిలింది. దీన్ని దాటేస్తే నేను రాసిందంతా అబద్ధమవుతుంది. పెళ్లి ప్రకటనల్లో 'క్రిస్టియన్ మాల', 'క్రిస్టియన్ మాదిగ', 'రోమన్ కాథలిక్ రెడ్డి' అని వేయించేది మనమే. ఒకే ప్రభువు బల్ల దగ్గర మోకరించి, సమాధుల దొడ్డిలో గోడ కట్టినవాళ్లున్నారు. తెలుగు నేల నుంచి పూల ఆంథోనీగారు 2022లో కార్డినల్ అయితే, దళితుల్లోంచి ఆ స్థానానికి చేరిన మొదటి మనిషి అని పత్రికలు రాశాయి. సంతోషించాను, ఆ 'మొదటి' అన్న మాటకు సిగ్గూ పడ్డాను. 'ప్రభువులో అందరం ఒకటే, కులం మాట ఎత్తొద్దు' అని వేదిక మీద గద్దించి, సొంత కూతురి పెళ్లికి కులం చూసే బోధకులను నా కళ్లతో చూశాను. వాళ్ల నోటి మాట సువార్త కాదు, ఎదుటివాడి నోరు మూయించే ఎత్తు.

ఇవి చూపించి, క్రీస్తులో కొత్త అస్తిత్వం ఉత్తిదేనని నిర్ధారించేవాళ్లకు నా జవాబు: ఈ తప్పును తప్పు అనడానికి మీరు వాడుతున్న కొలబద్ద ఎక్కడిది? అంతియొకయలో పేతురు అన్యజనులతో ఒకే పంక్తిన తింటూ ఉండి, యెరూషలేము నుంచి కొందరు రాగానే పంక్తి మార్చాడు. పౌలు అందరి ఎదుటా నిలబెట్టి కడిగేశాడు. గలతీయులకు రాసిన పత్రికలో అది దాచకుండా ఉంది. శిష్యుల్లో పెద్దవాడు పంక్తి మార్చాడని క్రీస్తు అబద్ధం కాలేదు, పేతురు దోషి అయ్యాడు. సమాధుల గోడ కట్టినవాళ్లు కూడా దోషులే. ఊరి వ్యవస్థలో ఆ గోడ కట్టడం ధర్మం. సంఘంలో అది పాపం. పాపమని తెలిసిన చోట గోడను పడగొట్టమని అడిగే హక్కు నాకుంది. మా సంఘంలో అడిగాను కూడా. ఇంకా పడలేదు, అడుగుతూనే ఉంటాను.

ఆ రోజు మా లెక్కల టీచరుకు నేను జవాబు చెప్పలేదు. బస్సు టైమైందని వచ్చేశాను. బస్సులో కూర్చున్నాక చిన్నప్పటి సంగతి ఒకటి గుర్తొచ్చింది. ఓటర్ల జాబితా రాసుకోవడానికి ఊళ్లోంచి ఒక కుర్రాడు పేటకు వచ్చాడు. మా జేజమ్మ అరుగు మీద కూర్చుని చింతపండు గింజ తీస్తోంది. పేరడిగాడు, చెప్పింది. ఆ అబ్బాయి రాసుకుంటూ పైకి చదివాడు, సగానికే ఆపేశాడు. జేజమ్మ చేతిలో పని ఆపింది.

"చివర అమ్మ అని ఉంది నాయనా," అంది. "అది కూడా రాయి."